నంబరు లేని కార్డు

ఆ ఇంటి ముందుగదే కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. వెనక గదుల్లో కాపురం. పొద్దున్నే అత్తగారు ముందుగది ఊడ్చి తలుపులు తీసేసరికి పెద్దకోడలు బల్లమీద లైటు వేసుకుని, స్క్రూడ్రైవర్లు వరసగా పేర్చుకుని, నోటుబుక్కు తెరుచుకుని కూర్చునేది. పన్నెండేళ్ళుగా అదే వరస. అన్నదమ్ములిద్దరూ సామాన్లు తేవడం, మెషిన్లు మోసుకురావడం చూసుకునేవాళ్ళు. బాగుచేసేది మాత్రం ఆవిడే.

అందులోనూ ఆవిడ చెయ్యి తిరిగిన పని ఒకటుంది. కంప్యూటర్లో పాటలకొకటి, ప్రింటర్‌కొకటి, అలా ఉండే ఒక్కో కార్డుకీ ఒక్కో నంబరుంటుంది. పనిపడినప్పుడు కార్డు ఆ నంబరు మీద ప్రాసెసర్‌ని పిలుస్తుంది. రెండు కార్డులు ఒకే నంబరు పట్టుకుని కూర్చుంటే ఎవరు పిలిచారో ప్రాసెసర్‌కి తెలీదు. ఒకటి మూగబోతుంది, లేదా మెషినంతా బిగుసుకుపోతుంది. మెషిన్లని ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ కార్డులైతే మరీ పేచీకోరులు. వాటి మీద సన్నటి పిన్నులుంటాయి. జొన్నగింజంత నల్లటి టోపీ ఒకటి ఏ పిన్నులకి తొడిగితే ఆ నంబరు వస్తుంది. ఏ కార్డుకి ఏ నంబరు పడుతుందో, ఏది ఎవరితో తగువు పెట్టుకుంటుందో పెద్దకోడలు పన్నెండేళ్ళపాటు కళ్ళు కాయలు కాసేలా చూసి ఆ నోటుబుక్కులో రాసిపెట్టుకుంది.

చిన్నకోడలు కాపురానికొచ్చిన నెలలోనే ఆ నోటుబుక్కుకి పనిలేకుండా పోయింది.

ఆ అమ్మాయికి పిన్నులూ తెలీవు, నంబర్లూ తెలీవు. కానీ ఆ అమ్మాయి మూత తీస్తే లోపలి కార్డులు మాట్లాడేవి. గదిలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా, మనుషులు మాట్లాడినట్టే మాట్లాడేవి. ఒకసారి పాటల కార్డు, "ఐదు నాది. నేను ముందొచ్చాను," అంది. "ముందొస్తే ఏమిటట? పాడటం తప్ప నువ్వు చేసే పనేమిటి?" అని నెట్‌వర్క్ కార్డు ఎత్తిపొడిచింది. ఇంకేముంది, గొడవ ఐదు దగ్గరని తేలిపోయింది. బేరానికొచ్చినవాళ్ళు స్టూళ్ళు దగ్గరికి లాక్కుని వినేవాళ్ళు. అత్తగారు కూరగాయలు తెచ్చుకుని అక్కడే కూర్చుని తరుక్కునేది. తగువు తెలిశాక టోపీ తీసి ఇంకోచోట తొడగడమెంతసేపు? ఆ పని పెద్దకోడలు చేసేది. చేస్తున్నంతసేపూ ఆవిడవైపు ఎవరూ చూసేవాళ్ళు కాదు.

ఆవిడ మూత తీస్తే ఒక్క కార్డూ నోరు విప్పేది కాదు. ఎవరూ లేనప్పుడు ప్రయత్నించి చూసింది కూడా. బుజ్జగించింది, కసిరింది. ఫ్యాను తిరిగిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"చిన్నమ్మాయిగారు లేరా? అయితే మళ్ళీ వస్తాంలెండి," అని వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడకి కడుపులో కుంపటి పెట్టినట్టుండేది. చిన్నకోడలు మంచిపిల్ల కాకపోయినా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. ఆ అమ్మాయి "అక్కయ్యా, అక్కయ్యా" అంటూ వెనకే తిరిగేది. అది ఇంకా ఒళ్ళు మండించేది.

అలా ఉండగా ఊళ్ళోని పెద్ద గ్రంథాలయం నుంచి కబురొచ్చింది. అక్కడ నలభై మెషిన్లున్నాయి. వాటిని చూసుకోవడానికి ఒక మనిషిని ఉద్యోగంలో పెట్టుకుంటారట. చూపులేనివాళ్ళకి పుస్తకాలు చదివి వినిపించే మెషినొకటి నెట్‌వర్క్ కార్డు పెట్టినప్పటి నుంచీ పనిచెయ్యడం లేదు. బుధవారం పదింటికి కోడళ్ళిద్దరూ రావాలి, దాన్ని బాగుచేసిన వాళ్ళకే ఉద్యోగం. ఇద్దరూ అన్నది మర్యాదకని, ఎవరికోసం పిలుస్తున్నారో తనకి తెలుసని పెద్దకోడలు అనుకుంది.

బుధవారం ఎనిమిదింటికే ఏదో పనుందని చెప్పి ఆవిడ ఒక్కతే బయల్దేరింది. గ్రంథాలయం వాచ్‌మన్ పాత పరిచయం, తలుపు తీశాడు. మూత విప్పి చూస్తే పాటల కార్డూ, నెట్‌వర్క్ కార్డూ రెండూ ఐదు మీదే ఉన్నాయి. నెట్‌వర్క్ కార్డుని పదికి మారిస్తే సరిపోతుంది. రెండు నిమిషాల పని. కానీ ఎవరూ చూడకుండా బాగుచేస్తే ఏం లాభం? పదింటికి అందరి ముందూ ఆ అమ్మాయి మూత తీస్తుంది, ఇవి నోరు విప్పుతాయి, అయిపోతుంది. ఆవిడ గుమ్మంవైపు చూసింది, వాచ్‌మన్ లేడు. తర్వాత నెట్‌వర్క్ కార్డు టోపీ ఊడదీసి చేతిసంచిలో వేసుకుంది. నంబరే లేని కార్డు దేనికోసం పోట్లాడుతుంది? పోట్లాట లేకపోతే మాట కూడా ఉండదు. మూత బిగిస్తుంటే ఎందుకో ఏడుపొచ్చింది. నోట్లోనే ఏదో గొణుక్కుంది.

పదింటికి చిన్నకోడలు వచ్చింది. గ్రంథాలయం అధికారిణి పక్కనే నిలబడింది. చిన్నకోడలు మూత తీసింది. ఎంతసేపటికీ చప్పుడు లేదు. ఇంతలో పక్కగదిలో ఫోను మోగితే అధికారిణి అటు వెళ్ళింది.

అప్పుడు నెట్‌వర్క్ కార్డు చిన్నగొంతుతో మాట్లాడింది. అందులో కోపం లేదు.

"నా నంబరు అక్కయ్య సంచిలో ఉంది. తీస్తూ ఏడ్చింది. ఒక్కరైనా నాకోసం రారా, ఒక్కసారైనా, అంది."

పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. కార్డు ఇంకా ఏదో చెప్పబోతోంది. చిన్నకోడలు దానిమీద అరచెయ్యి పెట్టి అదిమింది, పసిపిల్ల నోరు మూసినట్టు. చెయ్యి తియ్యలేదు. అడుగుల చప్పుడు దగ్గరయ్యేదాకా అలాగే ఉంచింది.

"ఏమంటున్నాయి?" అని అడిగింది అధికారిణి లోపలికొస్తూ.

"నాకేమీ చెప్పట్లేదండి. అక్కయ్య చూస్తే మంచిది," అంటూ చిన్నకోడలు పక్కకి జరిగింది.

పెద్దకోడలు సంచిలో చెయ్యి పెట్టింది. టోపీ తీసి పది మీద తొడిగింది, మెషిన్‌కి కొత్త నంబరు చెప్పింది. కాసేపటికి మెషిను గొంతు సవరించుకున్నట్టు గరగరమని, ఏదో పుస్తకం మూడో అధ్యాయం చదవడం మొదలుపెట్టింది. అధికారిణి వెంట వచ్చి మూల కుర్చీలో కూర్చున్న నల్లకళ్ళజోడు ముసలాయన "అమ్మయ్య" అని వెనక్కి వాలాడు. అధికారిణి అప్పుడే ఉద్యోగం కాగితాల మాట ఎత్తింది.

తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ కలిసే నడిచారు. టోపీ సంగతి ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని పెద్దకోడలు ఎదురుచూసింది. ఒక్క మాట అన్నా బాగుండేది. చివరికి చిన్నకోడలు అడిగింది:

"పది ఖాళీగా ఉందని మీకెలా తెలిసిందక్కయ్యా?"

ఎగతాళేమోనని పెద్దకోడలు ఆ అమ్మాయి మొహంలోకి చూసింది. కాదు. నిజంగానే అడుగుతోంది.

ఆ రోజు తర్వాత చిన్నకోడలు ఎన్ని మూతలు తీసినా ఏ కార్డూ మాట్లాడలేదు. ఎందుకని ఇంట్లో ఎవరూ ఆరా తియ్యలేదు. అత్తగారు కూరగాయల పళ్ళెం మళ్ళీ వంటింట్లోకి మార్చుకుంది, అంతే. ఒకసారి నోరు మూయించిన చెయ్యికి కార్డులు మళ్ళీ మాట్లాడవని తెలిసింది ఆ ఇద్దరికే. పెద్దకోడలు రోజూ గ్రంథాలయానికెళ్తోంది, అక్కడ అందరూ ఆవిడకోసమే వస్తారు. అయినా కడుపుమంట చల్లారలేదు. ఇదివరకు ఆ అమ్మాయికున్న గుణాన్ని చూసి కుళ్ళుకునేది, ఇప్పుడు దాన్ని అంత తేలిగ్గా వదులుకోగలిగిన మనసుని చూసి కుళ్ళుకుంటోంది.

చిన్నకోడలు అడిగి మరీ నోటుబుక్కు తీసుకుంది. పెద్దకోడలు ఉద్యోగానికి వెళ్ళేముందు గంటసేపు నేర్పేది. తనకి మూడేళ్ళు పట్టినదాన్ని ఆ పిల్ల మూడు నెలల్లో పట్టేసింది. ఆవిడకి మళ్ళీ మండింది.

ఒక సెలవురోజు ఒకాయన మెషిను తెచ్చాడు. కార్డులు మాట్లాడటం మానేశాక ఈ కొట్టువాళ్ళకి పని చేతకాదని ఊరంతా అంటున్నారని, చివరిసారిగా చూద్దామని వచ్చానని మొహం మీదే చెప్పాడు. చిన్నకోడలు ఒక్కతే మూత తీసి, పిన్నులు లెక్కపెట్టుకుని, టోపీ ఏడు మీద పెట్టబోయింది. గుమ్మంలో నిలబడ్డ పెద్దకోడలు చూసింది. ఏడు ప్రింటర్‌ది. ఆయన ఇంటికెళ్ళి ప్రింటర్ వేస్తాడు, మెషిను బిగుసుకుపోతుంది, ఇక ఈ గడప తొక్కడు. ఆవిడ చెయ్యాల్సిందేమీ లేదు. రెండు నిమిషాలు నోరు మూసుకుంటే చాలు.

ఆవిడ లోపలికొచ్చి, ఆయనకి వినపడకుండా వంగి, చిన్నకోడలి చెవిలో చెప్పింది.

"ఏడు వద్దే. ప్రింటర్‌ది."

చిన్నకోడలు తలెత్తకుండానే టోపీ పదకొండుకి జరిపింది.