అడిగిన తర్వాత

కుక్కర్ మూత బిగిస్తూనే ఆమె ఆ రోజు ఫోన్ చెయ్యాల్సిన ఐదుగురినీ మనసులో తిరగేసుకుంది. ఐదింట్లో మూడు ఉత్త కుశలప్రశ్నలు, రెండే అడగడాలు. వినికిడి లేని పిల్లల బడికి విరాళాలు తేవడంలో ఆరేళ్లుగా ఆమె పెట్టుకున్న నియమమది. విరాళం అందిన రోజే, పొద్దుగూకేలోగా, ఇచ్చినవాళ్లకి చేత్తో రాసిన ఉత్తరం వెళ్లాలి. మాట్లాడిన ప్రతివాళ్ల గురించీ ఒక అట్టముక్క మీద రాసుకోవాలి: 'బట్టల కొట్టాయనకి మోకాలి ఆపరేషన్. డాక్టరమ్మ కూతురికి కవలలు.' అట్టముక్కలన్నీ ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి.

"బట్టల కొట్టాయన నడుస్తున్నాడా?" అడిగింది అత్తగారు, కాళ్లు చాపుకుంటూ.

"కర్ర సాయంతో నడుస్తున్నారటండీ."

"సంతోషం. ఊళ్లోవాళ్ల మోకాళ్లన్నీ అయ్యాక మా మోకాళ్ల సంగతి కూడా చూద్దువుగాని."

భర్త ఫోన్లోంచి తలెత్తకుండానే నవ్వాడు. "అది సేవమ్మా. సేవకి వేళాపాళా ఉండవు. అవునూ, నా నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?"

కాలేదు. చెయ్యమని అతను చెప్పనూ లేదు. అయినా "అయ్యో, పర్లేదు, ఇప్పుడే చేసేస్తాను" అనేసింది. ఎవరికి పర్లేదు? ఇస్త్రీపెట్టె వేడెక్కేదాకా ఆ మాట ఆమె లోపల అటూ ఇటూ తిరిగింది. శుక్రవారం బడి సెక్రటరీ గదిలోనూ అదే మాట. "మా బావమరిది బ్యాంకులో రిటైరయ్యాడమ్మా. నిధుల అధికారిగా వేసుకుంటున్నాం. నీ డబ్బా ఆయనకిచ్చి వారం రోజులు పని నేర్పు. నువ్వెలాగూ సాయంగా ఉంటావుగా." ఆ ఉద్యోగానికి జీతం తనదానికి రెండింతలు. చేసే పని మాత్రం తనదే. ఆయన వాక్యం పూర్తికాకముందే తన నోరు "పర్లేదు సార్" అనేసింది. తనకంటూ ఒకటి కావాలనిపించిన క్షణంలోనే, ఇంట్లో కుర్చీలు చాలనప్పుడు లేచి నిలబడే మనిషి ఒకతె తనలోంచి లేస్తుంది. ఎవరూ లెమ్మనరు. తనే లేస్తుంది. మూడు రోజులుగా ఆమెకి ఆ మనిషి మీదే కోపం.

బడిలో బావమరిదిగారు కొత్త డైరీతో తయారుగా ఉన్నాడు. చెప్పిందల్లా శ్రద్ధగా రాసుకున్నాడు. పదింటిలోగా ఐదు ఫోన్లు. అవతలివాళ్ల మాట మధ్యలో తుంచకపోవడం. కిందటిసారి ఇచ్చిన దాంతో ఏం చేశామో చెప్పాకే మళ్లీ అడగడం.

"ఇంకో సంగతండీ. అడిగేశాక నోరు మెదపకూడదు."

"అదేంటి మేడమ్?"

"వాళ్లు ఆలోచించుకోవాలి కదండీ. మనమే తొందరపడి 'ఇప్పుడు కాకపోయినా పర్లేదు' అన్నామనుకోండి, తలుపు తీసి వాళ్లని సాగనంపినట్టే."

"అబ్బో! మా ఆవిడకి నేర్పాలి మీరిది. మరి ఆ కాసేపూ ఏం చేస్తారు?"

"లోపల లెక్కపెడతాను. మహా అయితే నలభై. అంతకుమించి ఎవరూ ఓర్చుకోలేరు."

'నలభై' అని రాసుకుని, దాని కింద గీత గీశాడు. ఆమె ఆ గీత వైపే చూస్తూ ఉండిపోయింది. ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు నలభై దాకా నోరు కట్టుకోగల మనిషి, తన వాళ్ల ముందు కనీసం రెండు దాకా ఎప్పుడైనా ఆగిందా? ఆరేళ్లుగా పిల్లల చెవి మిషన్ల కోసం అడిగిన నోటితో తనకోసం ఒక్కటంటే ఒక్కటి అడిగిందా?

"ఇప్పుడే వస్తానండీ," అని డబ్బా చంకలో పెట్టుకుని సెక్రటరీ గదికి వెళ్లి, ఆయన ఎదురుగా కూర్చుంది.

"అప్పగింతలు అయిపోయాయా?" అన్నాడాయన.

"లేదు సార్. ఆ ఉద్యోగం నాకు కావాలి. ఆ పేరుతో, ఆ జీతంతో."

ఒకటి, రెండు.

"అదేంటమ్మా? సేవ చేసేదానివి, నీకెందుకీ..." నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. ఆయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. పదిహేను. "మావాడికి మాటిచ్చేశానే..." అని ఆగి, ఆమె పూరిస్తుందని చూశాడు. ఎప్పుడూ పూరించేది ఆమే. ఇరవై ఎనిమిది. ఎక్కిళ్లలా 'పర్లేదు' గొంతుదాకా వచ్చింది. మింగింది. ఒళ్లో డబ్బాని రెండు చేతులతో పట్టుకుంది. ముప్పై ఆరు. ఆయన కిటికీ వైపు చూశాడు.

నలభై దాటింది. ఆమె మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.