ఏడో దారి, అటునుంచి

గుర్తులాయనకి కూర్చోవడం చేతకాదు. నిలబడటం కూడా అంతంతమాత్రమే. భోజనానికి కూర్చున్నా ఒక మోకాలు బల్ల కింద ఊగుతూనే ఉంటుంది, బల్ల మీద నీళ్ళ గ్లాసు వణుకుతూనే ఉంటుంది. సినిమాకి వెళితే ఇంటర్వెల్ దాకా ఆగడు, బయటికొచ్చి హాలు చుట్టూ రెండు చుట్లు తిరిగి మళ్ళీ లోపలికెళ్తాడు. పెళ్ళయిన కొత్తలో భార్య "కాస్త కుదురుగా ఉండలేరా?" అని అడిగేది. ఇరవై రెండేళ్ళయ్యాక అడగడం మానేసి, గ్లాసులో నీళ్ళు సగానికే పోయడం నేర్చుకుంది.

అలాంటి మనిషికి ఎవరు వెతికిపెట్టారో గాని, ఆ కాళ్ళకి కొలతలు తీసి కుట్టినట్టున్న ఉద్యోగం దొరికింది. ఊరు చిన్నదే, కాని బాగా పాతది. చుట్టూ కోటగోడ, గోడ కింద నది, నది మీద రాతి వంతెన. చూడటానికొచ్చినవాళ్ళు బస్సు దిగి నాలుగు ఫోటోలు తీసుకుని చక్కా పోకుండా, ఓ పూట ఉండి నడవాలని పురపాలక సంఘం వాళ్ళు ఏడు నడకదారులు ఏర్పాటు చేశారు. ఆ దారుల పొడుగునా రాళ్ళ మీద, గోడల మీద, చెట్ల మీద అరచెయ్యంత పసుపురంగు పట్టీలుంటాయి. వాటిని చూసుకుంటూ పోతే చాలు, ఎవర్నీ దారి అడగక్కర్లేదు. ఆ పట్టీలు వేసేది ఈయనే. ఏటా వానలు వెలిశాక ఎడమచేతిలో రంగు డబ్బా, కుడిచేతిలో కుంచె పట్టుకుని ఉత్తరద్వారం దగ్గర బయల్దేరితే, చుట్టు పూర్తయి మళ్ళీ ఉత్తరద్వారం చేరాకే ఆగడం. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు, అందరికీ గుర్తులాయనే.

ఆ ఉత్తరద్వారం పక్కనే సందర్శకుల కార్యాలయం. అక్కడ కౌంటరు వెనక కూర్చుని పటాలిచ్చేదీ, వేళలు చెప్పేదీ, వచ్చినవాళ్ళ చేత చీవాట్లు తినేదీ ఆయన భార్య. కౌంటరు మీద ఫిర్యాదుల పుస్తకం ఒకటుంటుంది. సాయంత్రం ఇంటికొచ్చాక అందులో సంగతులు మొగుడికి చెప్పడం ఆవిడకి అలవాటు.

"ఏడో దారిలో మళ్ళీ ఇద్దరు తప్పిపోయారట. గుర్తులే కనబడలేదని రాశారు."

"కనబడకేం? అరచెయ్యంతేసి ఉన్నాయి. కళ్ళు మూసుకున్నవాడికి కూడా కనబడతాయి. వాళ్ళు చూసేది దారినా, చేతిలో ఫోన్నా?"

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. మర్నాడు ఈయన కార్యాలయానికి వెళ్ళి, ఆ ఫిర్యాదు కింద 'గుర్తులు సరిగానే ఉన్నవి' అని రాసి సంతకం పారేసి వచ్చేవాడు. సంతకం కూడా నిలబడే పెట్టేవాడు లెండి.

భార్య తండ్రి ఏడాదిగా వాళ్ళింట్లోనే ఉంటున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు. నలభై ఏళ్ళు పోస్ట్‌మన్‌గా పనిచేసిన మనిషి, ఒక్క ఉత్తరం ఒక్క గుమ్మం తప్పి వెయ్యలేదని చెప్పుకుంటాడు, చెప్పుకునే హక్కుంది. ఇప్పటికీ రోజూ నడవాల్సిందే. కాని ఈ మధ్య రెండుసార్లు పొయ్యి ఆర్పడం మర్చిపోయాడు. ఇంకోసారి మందుల దుకాణం ముందు నిలబడి, ఇంటికి ఎడమకి తిరగాలో కుడికి తిరగాలో తోచక ఎంతసేపో అలా ఉండిపోయాడు. కూతురికి గుండెలు జారిపోయాయి. "నాన్నా, ఇంకొక్కసారి ఇలాంటిదేదైనా జరిగిందా, నిన్ను ఒంటరిగా బయటికి పంపను. ముందే చెప్తున్నా" అంది. ముసలాయన ఆ రోజు నుంచి చెప్పులేసుకునే ముందు ఎటు వెళ్తున్నాడో, ఏ దారిన తిరిగొస్తాడో, ఎన్నింటికొస్తాడో పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పి మరీ కదులుతున్నాడు. ఆయనకి మిగిలింది ఆ నడకొక్కటే. అది కూడా పోతే ఇక కిటికీ పక్కన కుర్చీయే గతి.

ఆ ఆదివారం కూతురు కార్యాలయానికి వెళ్ళాక, ఆయన కాన్వాసు బూట్లు కట్టుకుంటూ అల్లుణ్ణి పలకరించాడు.

"అల్లుడూ, ఇవాళ నీ ఏడో దారికి వెళ్తున్నా. వంతెన వైపు నుంచి ఎక్కుతా. గోడ పక్కనుంచైతే అన్ని మెట్లు, నాకు ఆయాసం. అటునుంచి మెల్లగా ఎక్కి ఇటు మెట్లు దిగుతా. రెండింటికల్లా ఇంట్లో ఉంటా. నువ్వూ రాకూడదూ?"

మామయ్యతో నడవడమంటే నడవడం కాదు, నిలబడటం. పది అడుగులకోసారి ఏ పిట్టనో, గోడలో ఏ రాయినో చూస్తూ ఆగిపోతాడు. ఆ ఆగడం తల్చుకుంటేనే గుర్తులాయనకి ప్రాణం మీదికొచ్చింది.

"కుంచెలు కడగాలి మామయ్యా. మీరెళ్ళి రండి."

కుంచెలు నిన్ననే కడిగాడు.

"దారి తెలుస్తుందంటావా?"

"గుర్తులున్నాయిగా. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్తాయి."

"నువ్వేసినవి, ఇంకేం" అని ముసలాయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పటికి పదకొండు. ఫోను బల్ల మీదే మర్చిపోయాడు.

మామూలు మనిషికి రెండు గంటల దారి, మామయ్యకి మూడు. రెండున్నరకి గుర్తులాయన ముందుగదికీ వంటగదికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తోచక కుంచెలు మళ్ళీ కడిగాడు. మూడింటికి తలుపేసి బయల్దేరాడు.

ఉత్తరద్వారం నుంచి గోడ వెంట నడిచి, నూటనలభై మెట్లెక్కితే కావలి బురుజు. అక్కణ్ణుంచి పళ్ళతోటల మధ్యగా దిగి, పాత సున్నపు బట్టీల పక్క నుంచి నది గట్టుకి, గట్టు వెంట వంతెనకి, వంతెన దగ్గర్నుంచి రోడ్డు మీద మళ్ళీ ఉత్తరద్వారానికి. మామయ్య అటునుంచి వస్తుంటాడు కాబట్టి ఎక్కడో ఒకచోట ఎదురుపడి తీరాలి. బురుజు మీద జనం నది వంపునీ, దాని ఒడ్డున ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టున్న ఎర్రపెంకుల కప్పుల్నీ ఫోటోలు తీసుకుంటున్నారు. ఆయన కంటికి అవేవీ ఆనలేదు. తెల్లచొక్కా, నల్లగొడుగు, అంతే వెతుకుతున్నాయి కళ్ళు. కనబడ్డవాళ్ళందర్నీ అడిగాడు. ఎవరూ చూడలేదన్నారు. ముప్పావుగంటలో వంతెన చేరాడు. ఇంటికి పరిగెత్తి చూశాడు, రాలేదు.

మళ్ళీ ఉత్తరద్వారం దగ్గరికే వచ్చి, భార్య కంటబడకుండా మళ్ళీ మెట్లెక్కి, ఈసారి "మామయ్యా, మామయ్యా" అని అరుచుకుంటూ ఇంకో చుట్టు తిరిగాడు. తోటల్లో కంచెల అవతలికి తొంగిచూశాడు. గట్టు మీద ఆగి నీళ్ళలోకి చూశాడు, చూసినందుకు తనని తనే తిట్టుకున్నాడు. ఐదింటికి కార్యాలయం మూసే వేళకి భార్య ముందుకెళ్ళి నిలబడ్డాడు. చొక్కా తడిసి ముద్దయి ఉంది.

సంగతి విని ఆవిడ కౌంటరు పట్టుకుంది.

"ఎటు నుంచి వెతికారు?"

"ఇటునుంచే. రెండుసార్లు తిరిగా. ఎదురుగా రావాలి కదా."

"నాన్న వంతెన వైపు నుంచి ఎక్కాడని మీరే అంటున్నారు. రెండుసార్లూ ఇటునుంచే తిరిగారా?"

ఆ దారిని అటునుంచి ఎప్పుడూ నడవలేదన్న సంగతి ఆయనకి ఆ క్షణం దాకా తట్టనే లేదు. ఏడు దారుల్లో దేన్నీ అటునుంచి నడవలేదు.

"వెళ్ళండి. నేను వంతెన దగ్గరుంటా" అంది. కౌంటరుకి తాళం వేసింది. "దొరికితే చాలు. ఇక చచ్చినా ఒంటరిగా గడప దాటనివ్వను."

గుర్తులాయన గట్టు మీద నడక మొదలుపెట్టాడు. పొద్దు వాలుతోంది. మొదటి మలుపులో రాయి ఉంది, రాయి మీద గుర్తు లేదు. ఎవడో గీకేశాడనుకున్నాడు. తర్వాత తుమ్మచెట్టుకీ లేదు. ఆ తర్వాత కూలిన గోడ, దానికీ లేదు. ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. గోడకి అవతలి ముఖాన పసుపు పట్టీ నిక్షేపంలా ఉంది. తుమ్మచెట్టుకి కూడా ఉంది. కుంచె పట్టుకుని తను ఎటు నుంచి వచ్చేవాడో, అటువైపు మాత్రమే ఉంది.

పంతొమ్మిదేళ్ళు. ఏటా రంగు కొత్తగా వేశాడు, పట్టీ అంచులు తిన్నగా దిద్దాడు, ఒక్కసారి తల తిప్పి చూడలేదు. గుర్తులు కనబడలేదని రాసిన ప్రతి చేతిరాతా కళ్ళముందు ఆడింది. వాటి కింద తన సంతకం.

సున్నపు బట్టీల దగ్గరికొచ్చేసరికి దారి రెండుగా చీలింది. ఉత్తరద్వారం వైపు నుంచి వచ్చేటప్పుడు అక్కడ చీలికే లేదు మరి. తోటల్లోంచి దిగే దారిలో పక్కనుంచి ఇంకేదో దారి వచ్చి కలుస్తుంది, దాన్ని పట్టించుకున్నవాడెవడు? ఇప్పుడేమో రెండు దారులు నోరు తెరుచుకుని ఉన్నాయి, ఒకటి సన్నం, ఒకటి వెడల్పు. మామయ్య కోసం అరుచుకుంటూ, ఆలోచించకుండా వెడల్పు దారిన పడిపోయాడు. పావుగంట నడిచాక రెండు పక్కలా ముళ్ళపొదలు, కాళ్ళకింద రాతిపొడి. తోటల జాడే లేదు. ఈ చోటు ఆయనెప్పుడూ చూడలేదు. ఆ దారికి గుర్తులేసిన మనిషి, ఆ దారిలోనే తప్పిపోయాడు.

గిరుక్కున వెనక్కి తిరగబోయి ఆగాడు. తను ఇటొచ్చాడంటే మామయ్య కూడా ఇటే వచ్చి ఉంటాడు. గుర్తు లేనిచోట ఎవరైనా వెడల్పు దారినే పడతారు. పరుగెత్తాడు.

దారి చివర ఎప్పుడో వదిలేసిన రాళ్ళ క్వారీ. ఒక చెక్కిన బండ మీద ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒక బూటు విప్పి పక్కన పెట్టుకున్నాడు, చీలమండ వాచింది. అల్లుణ్ణి చూసినా ఆ ముఖం వెలగలేదు. దొంగతనం చేసి దొరికినవాడిలా తల దించుకున్నాడు.

"మామయ్యా, ఇంతసేపూ ఇక్కడే ఉన్నారా? అరిస్తే వినబడలేదా?"

"కాలు బెణికింది. అది పెద్ద సంగతేం కాదు, కుంటుకుంటూ రావచ్చు. కదల్డానికే భయమేసింది అల్లుడూ. ప్రతి రాయీ చూశా. ప్రతి చెట్టూ చూశా. ఒక్క గుర్తు కనబడితే ఒట్టు. నువ్వు వేసినవి లేకుండా ఎక్కడికి పోతాయి? చిరునామా సరిగ్గా ఉండి ఉత్తరం చేరలేదంటే, తప్పు పోస్ట్‌మన్‌దే. నా కళ్ళో, నా బుర్రో, ఏదో ఒకటి పోయింది. ఇంకెటు నడిచినా ఇంకా తప్పిపోతానని ఇక్కడే కూర్చున్నా."

గుర్తులాయన వంగి బూటు తొడిగాడు. భుజం పట్టి లేపాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పెద్దాయనే తప్పంతా నెత్తిన వేసుకున్నాడు, అడక్కుండానే. రేపు కుంచె పట్టుకెళ్ళి రెండో వైపు కూడా వేసేస్తే సరి, చడీచప్పుడూ లేకుండా అయిపోతుంది. బట్టీల దాకా అదే ఆలోచన. గట్టు దాకా అదే. పక్కన ముసలాయన ఒక్కో అడుగూ వేస్తూ, ఇప్పుడు పిట్టల వంకా రాళ్ళ వంకా చూడటం లేదు, నేల చూపులు చూస్తున్నాడు.

వంతెన దగ్గర కూతురు పరుగున వచ్చి తండ్రిని పట్టుకుంది. ఏడ్చింది, ఏడుస్తూనే కోప్పడింది. "ఇక చాలు నాన్నా. నా మాట విను."

"వింటా తల్లీ" అన్నాడాయన. జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గరే ఉంచు. నాకెందుకిక."

గుర్తులాయన వాళ్ళిద్దరి మధ్యకి అడుగేశాడు. "ఆగు" అన్నాడు భార్యతో. "తీసుకోకు."

ఇద్దర్నీ గట్టు మీద పది అడుగులు వెనక్కి నడిపించాడు. మొదటి మలుపులో రాయి ముందు నిలబెట్టాడు.

"మామయ్య ఇటునుంచి వచ్చారు. పట్టీ ఉందేమో చూడు."

"లేదు" అంది ఆవిడ.

"ఇప్పుడు అవతలికెళ్ళి చూడు."

ఆవిడ వెళ్ళి చూసింది. చాలాసేపు చూసింది. తిరిగొచ్చి అడిగింది.

"అన్నీ ఇంతేనా?"

"అన్నీ ఇంతే. ఏడు దారులూనూ. నేనొచ్చే వైపే వేశా. పుస్తకంలో రాసినవాళ్ళందరూ నిజమే రాశారు. మామయ్యకి ఏం కాలేదు. నేనే తప్పిపోయా ఇవాళ, ఆయన తప్పిన చోటే. పొద్దున్న రమ్మంటే కూడా పని లేకపోయినా ఉందని చెప్పా." మామయ్య వైపు తిరిగాడు గాని కళ్ళలోకి చూడలేకపోయాడు. "తప్పు నాది మామయ్యా."

ముసలాయన కుంటుకుంటూ వెళ్ళి రాతికి అవతలి వైపు పసుపు పట్టీని వేలితో తడిమాడు. మళ్ళీ ఇవతలి బోడి ముఖాన్ని తడిమాడు. రెండు చేతులతో ముఖం కప్పుకుని, భుజాలు కదిలేలా ఏడ్చాడు. కూతురు దగ్గరికి రాబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"మరి పొయ్యి సంగతి?" అంది కూతురు మెల్లగా. ఆవిడ భయం ఆవిడది.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"పొయ్యి నేనే తల్లీ. మందుల దుకాణం దగ్గర కూడా నేనే. ఇది మాత్రం నేను కాదు." చెయ్యి చాపాడు. "తాళంచెవి ఇటివ్వు."

ఆవిడ ఇచ్చింది. ఆయన దాన్ని జేబులో వేసుకుని, అల్లుడి వంక ఒక్కసారి కూడా చూడకుండా, గొడుగు ఊతగా పెట్టుకుంటూ వంతెన మీదుగా ఒక్కడే ఇంటివైపు నడిచాడు.