వదిన ఆగిన కొట్లు

పైడమ్మ వదినతో కలిసి విజయనగరం బజారులో నడుస్తున్నాను, బజారు మాత్రం ఒక్కచోట నిలవడం లేదు, గాజుల కొట్టు పక్కన మా వంటగది కిటికీ ఉంది, దాన్ని దాటితే ఇత్తడి సామాన్ల కొట్టు, మళ్లీ గాజులు. వదిన మా ఆయనకు అక్క, గుండెపోటుతో పోయి మూడేళ్లయింది, అయినా బతికున్నప్పటిలాగే కొట్టు కొట్టుకీ ఆగి ధర అడుగుతోంది, ఏమీ కొనడం లేదు. ఆవిడ బేరానికి దిగితే కొట్టువాడికి చుక్కలు కనబడతాయని మేమంతా నవ్వుకునేవాళ్లం.

ఈసారి ఆగింది తాళం వేసి ఉన్న గోదాము ముందు.

"ఇక్కడ బేరమాడ్డానికేటుంది వొదినా?" అంటాను.

"బేరానికెవులాగినారే సింహాచలం? పిక్క పట్టేసి ఆగినాను. నాలుగడుగులేస్తే పట్టేస్తది, నిలబడితే వొదిలేస్తది. ఊరికే నిలబడితే నవ్వుతారని రేటడిగీదాన్ని."

నాకు కోపమూ వస్తోంది, ఏడుపూ వస్తోంది. "గుండెకని ఆస్పత్రికెళ్లినప్పుడైనా సెప్పొచ్చు కదా?"

"డాకటర్లు గుండె సూసినారు. కాలు సంగతెవులడిగినారు? రగతం నడిసే గొట్టాలు గుండెకాడ పూడిపోతే కాల్లోనూ పూడిపోతాయట. పోయినాక తెలిసింది నాకు."

బజారు ఎటు పోయిందో, ఇద్దరం మా వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాం. వదిన చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, "తమ్ముడెలాగున్నాడు?" అంటుంది.

"ఆయనకీ గుండెపోటొచ్చింది. గండం గడిసింది, ఇయ్యాల ఇంటికి పంపిస్తారట. మడిసి కూడా మారిపోనాడొదినా, ఏడాదిబట్టి దారిలో ఎవులు కనిపించినా ఆగి కబుర్లాడుతున్నాడు."

వదిన నా వైపు అదోలా చూస్తుంది. "మావోడా? సిన్నప్పట్నుంచీ బెల్లం కొట్టిన రాయి కదే ఆడు!"

అవును కదా అనుకునేలోపే మెలకువ వచ్చింది.

మధ్యాహ్నం వేళ. ఆసుపత్రి వార్డులో ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చునే కునుకు తీశాను. మంచం ఖాళీగా ఉంది. ఇంటికి పంపే ముందు ఆయన్ని నర్సు వరండాలో నడిపిస్తోంది. సగం దూరంలో ఆయన ఆగిపోయి, బెంచీ మీద ఉన్న ముక్కూమొహం తెలియని ముసలాయనను "ఏ ఊరు బాబూ తమరిది?" అని అడుగుతున్నారు. ఎడమ కాలు నేలకు ఆనీ ఆనకుండా ఉంది.

"మీ ఆయన అందరితోనూ ఇట్టే కలిసిపోతారండీ," అని నర్సు నవ్వింది.

నాకు భయం వేసింది. వెళ్లి వంగి రెండు పాదాలూ ముట్టుకున్నాను. కుడిది వెచ్చగా ఉంది. ఎడమది చల్లగా ఉంది.

"డాక్టరుగారిని పిలవమ్మా," అన్నాను. "గుండెకి కాదు, కాలికి."