మబ్బు పాలు తాగినవాడు

ఉత్తర న్యూమెక్సికో కొండల్లో ఎవరినైనా అడగండి, కొయోటీల మాటెత్తితే ముందు నా పేరే చెబుతారు. ప్రొకోపియో వియాల్‌పాండో. తుపాకీ పట్టకుండా, బోను పెట్టకుండా, విషం చల్లకుండా మా లోయను కాపాడిన మొనగాణ్ణి. నక్కకు అన్న, తోడేలుకు తమ్ముడు లాంటి ఆ జంతువు ఎందరినో ఏడిపించింది గానీ, ఈ డెబ్బై ఎనిమిదేళ్ళలో నన్ను మాత్రం ఒక్కసారి కూడా బోల్తా కొట్టించలేకపోయింది. నమ్మకపోతే మీ ఇష్టం. నేను రాసేది రాస్తాను.

అప్పటికి నాకింకా యాభై నిండలేదు. మాకు అరవై గొర్రెలుండేవి. మాకు అనకూడదు, మా ఆవిడ రోసెండాకు. వాళ్ళమ్మ చేతిలోంచి ఆమె చేతికి వచ్చిన మంద అది. పొడవాటి ఉన్ని, నాలుగేసి కొమ్ముల పొట్టేళ్ళు. ఆ ఉన్ని వడికి రోసెండా దుప్పట్లు నేసేది. మగ్గం ముందు కూర్చున్నప్పుడు పిలిస్తే ఏటి అవతలి ఒడ్డు నుంచి పలికినట్టు పలికేది.

ఆ ఏడు ఏప్రిల్‌లో గొర్రెలు ఈనే రోజుల్లో మంచు పడింది. మంచుతో పాటే కొయోటీలు దిగాయి. పొద్దున్నే తలుపు తీస్తే లోయంతా తెల్లటి పొగమంచు, పొగమంచు నిండా తెల్లటి గొర్రెలు. గొర్రె ఎక్కడ ఆగిందో మంచు ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. ఆ తెల్లదనంలోంచి చిన్న ముక్క ఒకటి ఊడి, నెమ్మదిగా కొండవైపు తేలిపోయేది. కల కాబోలు అనుకునేవాణ్ణి. ఎండొచ్చాక చూస్తే ఒక పిల్ల తక్కువ. అరుపూ లేదు, పెనుగులాటా లేదు. మంచు మీద అడుగుల జాడ మాత్రం, ఎవరో పూసలు జారవిడుచుకుంటూ నడిచిపోయినట్టు.

అలా ఎనిమిది రోజుల్లో ఐదు పిల్లలు పోయాయి. నేను దిష్టిబొమ్మ కట్టి, దానికి నా పెళ్ళికోటు తొడిగాను, నా పాత టోపీ పెట్టాను. మూడో పొద్దుకి టోపీ మాయం. నాలుగో పొద్దున గుట్టమీద ఒక కొయోటీ కూర్చుని మా ఇంటివైపు చూస్తోంది. టోపీ పెట్టుకునే చూస్తోందని నేనంటాను, రోసెండా ఒప్పుకోదు.

ఆరో పిల్లను నోట కరిచినప్పుడు రోసెండా ఎదురుపడి కేక పెట్టింది. కొయోటీ పిల్లను వదిలి పారిపోయింది గానీ, పిల్ల ప్రాణం దక్కలేదు. చచ్చిన పిల్లను రెండు చేతుల మీద ఎత్తుకొచ్చి నా ముందు పెట్టింది. నేను నీలి మొక్కజొన్న జావ తాగుతున్నాను. గిన్నె దించలేకపోయాను, తాగనూ లేకపోయాను.

"ఇంకొక్క పిల్ల పోయిందా, మందను కొండ దాటించి మా తమ్ముడి దగ్గరికి తోలేస్తా" అంది.

"మంద పోతే నువ్వు?"

"నేనూ మందతోనే. నువ్వొస్తే రా, లేకపోతే ఇక్కడే కూర్చుని నీ గొప్పలు మేపుకో."

రోసెండా కోపంలో అన్న మాటను నేను లెక్కచెయ్యను. ఇది కోపంలో అన్నది కాదు.

మా పక్కపొలం ఎలీసియో, మా అమ్మాయి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలబడినవాడు, ఆ సంగతి విని వచ్చాడు. ఆ వరసన మేమిద్దరం ఒకరినొకరు కొంపాద్రే అని పిలుచుకుంటాం.

"విషం పెట్టెయ్యి, కొంపాద్రే. ఒక్క రోజులో తేలిపోతుంది."

"నా గడ్డిలో విషమా?" అంది లోపలినుంచి రోసెండా. "పోయినసారి నువ్వు పెడితే ఏమైంది? తిని చచ్చింది మీ కుక్కే. నాలుగు గద్దలు రాలిపడ్డాయి. ఇంకోసారి ఆ మాటన్నావంటే నీ కాఫీలో కలుపుతా."

ఎలీసియో చేతిలోని కాఫీని ఒకసారి వాసన చూసి, గొంతు తగ్గించాడు. "అయితే మన తాతల పద్ధతే. కళ్ళు తెరవని కుక్కపిల్లను తెచ్చి గొర్రె దగ్గర పాలు తాగించు. తనూ గొర్రేననుకుని పెరుగుతుంది, మందను వదలదు. మా కొత్త కుక్క పలోమా ఈనడానికి ఎక్కడికో పోయింది. ఎర్రబండల దగ్గర తచ్చాడుతుంటే చూశా. వెళ్ళి ఒకదాన్ని తెచ్చుకో."

పలోమా బూడిదరంగు కుక్క. నాకప్పటికే చూపు మసక. కళ్ళజోడు ఉంది, కానీ అది పెట్టుకుంటే మా మామగారిలా ఉంటానని సొరుగులో పడేశాను. మర్నాడు పొద్దున్నే మంచులో పడి కొండెక్కాను. ఎక్కుతున్నానో తేలుతున్నానో తెలియలేదు. కాళ్ళ కింద రాళ్ళు మెత్తగా ఉన్నాయి, ఎక్కడో నీళ్ళు తమలో తాము మాట్లాడుకుంటున్నాయి. ఎర్రబండ కింద బొరియ కనిపించింది. చెయ్యి పెడితే లోపల వెచ్చగా, ఊపిరి తీస్తున్న రొట్టెల్లా ఐదు పిల్లలు. ఒకదాన్ని తీసి చొక్కాలో పెట్టుకున్నాను. దాని గుండె నా గుండె మీద టకటకా కొట్టుకుంది.

తల తిప్పితే, పది అడుగుల దూరంలో బూడిదరంగు ఆకారం నిలబడి నన్నే చూస్తోంది.

"భయపడకు పలోమా, ఒక్కటే తీసుకుంటున్నా. మారాణిలా చూసుకుంటాం" అన్నాను, టోపీ తీసి మరీ.

అది కదల్లేదు, మొరగలేదు. ఎంత మర్యాద తెలిసిన కుక్క అనుకుంటూ దిగొచ్చాను.

పిల్ల పోయిన తల్లికి తల్లిలేని పిల్లను అంటగట్టడం మా కాపరులకు మామూలే. చచ్చిన పిల్ల తోలు వలిచి, బతికిన పిల్లకు చొక్కాలా తొడుగుతాం. తల్లి వాసన చూస్తుంది, తన బిడ్డేననుకుని పొదుగు ఇస్తుంది. ఆ ఆరో పిల్ల తల్లి పేరు నూబే, అంటే మబ్బు. ఇకమీద మబ్బు అనే రాస్తాను. రోసెండా తోలుకు నాలుగు కాళ్ళ దగ్గర కుట్లు వేసి, నేను తెచ్చిన పిల్లకు తొడిగింది. మబ్బు చాలాసేపు వాసన చూసింది. ముక్కు తీసింది, మళ్ళీ పెట్టింది. చివరికి వెనకకాళ్ళు కొంచెం ఎడంచేసి నిలబడింది. పిల్లవాడు చప్పరించడం మొదలుపెట్టాడు. రోసెండా ముఖం అటు తిప్పుకుని, "పేరేం పెడదాం?" అంది. బొరేగో అన్నాను. మా భాషలో గొర్రెపిల్ల అని.

ఆ రోజు నుంచి ఒక్క పిల్ల పోలేదు.

మే నెలలో ఊరంతా రైతులను కాచే సాన్ ఇసిద్రో స్వామి బొమ్మను ఎత్తుకుని పొలాల చుట్టూ తిరిగాం. ఆ తిరిగినంతసేపూ నేను చెబుతూనే ఉన్నాను, మా బొరేగో గురించి. బొమ్మను మోసేవాళ్ళు మధ్యలో భుజాలు మార్చుకున్నారు గానీ, నేను గొంతు మార్చలేదు. ఎలీసియో మాత్రం లేడు. నేను పిల్లను తెచ్చిన మర్నాడే, వేసవికి వయోమింగ్‌లో పరాయి మందలు కాయడానికి పోయాడు. మా ఇల్లు లోయ చివర, వచ్చిపోయేవాళ్ళు తక్కువ.

ఆ వేసవి ఎలా గడిచిందంటే చెప్పలేను. మధ్యాహ్నం గొర్రెలన్నీ పడుకుంటే బొరేగో వాటి మధ్య పడుకునేవాడు. వాటితో పాటు గడ్డి నమిలి, నచ్చక తుమ్మేవాడు. గాలి వీస్తే ఉన్నీ గడ్డీ మేఘాల నీడలూ ఒకేవైపు వాలేవి. నేను చెట్టుకింద కునుకు తీస్తూ సగం కన్ను తెరిస్తే, కొండ మీద సన్నటి బూడిద గీత ఒకటి కూర్చుని కిందికి చూస్తుండేది. మళ్ళీ కన్ను మూసుకునేవాణ్ణి. కలలో కూడా అదే కొండ, అదే గీత.

సెప్టెంబరులో ఉన్ని కత్తిరింపుకి ఎలీసియో వచ్చాడు. కత్తెర నూరుకుంటూ, "ఏడీ నీ వీరుడు?" అన్నాడు. ఈల వేశాను. బొరేగో మందలోంచి వచ్చి నిలబడ్డాడు. ఎలీసియో కత్తెర కింద పెట్టాడు.

"కొంపాద్రే, మా పలోమా ముగ్గుర్నే కన్నది. ఎర్రబండల దగ్గర కాదు, మా కొట్టంలో, పాత జీను కింద. మూడూ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉన్నాయి."

"అయితే?"

"అయితే నువ్వు తెచ్చింది ఎవర్ని?"

రోసెండా లోపలికి వెళ్ళి నా కళ్ళజోడు తెచ్చి, చేత్తో నా ముక్కు మీద పెట్టింది. చూశాను. నిలువుగా లేచిన పెద్ద చెవులు. పసుపుపచ్చటి కళ్ళు. తోకకు నల్లటి కొస. అసలైన కొయోటీ. నా పెరట్లో, నా గొర్రె పాలు తాగి, నా పేరు నిలబెడుతూ.

ఎలీసియో నవ్వి నవ్వి ఉన్ని మూటలో పడ్డాడు. లేపబోతే, "వద్దొద్దు, ఇక్కడే బాగుంది" అన్నాడు. మొదట్లో నన్ను కొయోటీ ఎప్పుడూ బోల్తా కొట్టించలేదని రాశాను కదా, దాన్ని కొట్టేయండి. టోపీ తీసి దణ్ణం పెట్టి మరీ బోల్తా పడ్డాను, ఐదు నెలలు.

రోసెండా ముఖంలో మాత్రం ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా?" అన్నాను.

"జూన్ నుంచీ."

"మరి చెప్పలేదేం?"

"పిల్లలు పోవట్లేదుగా, కన్నబిడ్డ ఉన్న మంద జోలికి వాడి తల్లి రావట్లేదు. నువ్వు చక్కగా గొప్పలు చెప్పుకుంటున్నావుగా. ఎందుకు చెడగొట్టడం?"

ఎలీసియో నవ్వు ఆపుకున్నాడు. "వదినా, ఆట కాదు. వీడికి ఈడొచ్చింది. ఏదో ఒకరోజు వాళ్ళవాళ్ళు పిలుస్తారు, పోతాడు. మందలో ఏ గొర్రె కుంటిదో, దొడ్డికి ఏ మూల కన్నముందో అన్నీ తెలిసినవాడు. వాడే దారి చూపించి తీసుకొస్తే ఒక్కటీ మిగలదు. ఇప్పుడే కాల్చెయ్యడం మేలు."

రోసెండా బొరేగో వైపు తిరిగింది. "ఈ సాయంత్రం చూద్దాం. వారం నుంచీ పొద్దువాలేటప్పుడు పిలుస్తున్నారు, నేను వింటున్నా. అటు పోయాడా, రేపు మంద కదులుతుంది, నేనూ కదులుతా. కాల్చడాలు వద్దు."

సూర్యుడు కొండ అంచుకు ఆనినప్పుడు లోయంతా పీచ్ పండు రంగుకు తిరిగింది. ఉన్ని తీసిన గొర్రెలు సన్నగా, కొత్తగా, ఎవరివో అన్నట్టు నిలబడి ఉన్నాయి. రోసెండా కంచె దగ్గర, ఎలీసియో ఆమె పక్కన. నేను వెనక, మంద మధ్యలో. కొండమీద కొయోటీల పాట మొదలైంది. ఒక గొంతు, రెండు, ఆపైన లెక్కలేనన్ని. ఆ పాట వింటే మనిషికే లేచి పోవాలనిపిస్తుంది. బూడిదరంగు తల్లి కాలువగట్టు దాకా దిగొచ్చి నిలబడింది. ఆనాడు పొగమంచులో నేను టోపీ తీసి పలకరించిన ఆవిడే.

బొరేగో నడిచాడు. తొందర లేదు. కంచె కింద దూరాడు. గట్టు చేరాడు. ముక్కూ ముక్కూ తగిలాయి. తల్లి వాడి మెడ వాసన చూసింది, వీపు చూసింది, గొర్రె వాసన తగిలి కాబోలు ఒక్క తుమ్ము తుమ్మింది. వెనక్కి తిరిగి కొండవైపు రెండడుగులు వేసి ఆగింది, రమ్మన్నట్టు. వాడూ ఒక అడుగు వేశాడు. రోసెండా చెయ్యి కంచె కర్రను పట్టుకుంది.

అప్పుడు మబ్బు అరిచింది. పాలకు పిలిచే అరుపు, గొంతులోపలి నుంచి వణుకుతూ. బొరేగో చెవులు వెనక్కి తిరిగాయి. తల్లిని చూశాడు, మందను చూశాడు. మబ్బు మళ్ళీ అరిచింది. వాడు నింపాదిగా వెనక్కొచ్చి, కంచె కింద దూరి, గొర్రెల మధ్య పడుకున్నాడు. కొండమీద పాట ఆగింది. కాలువగట్టు మీద ఎవరూ లేరు.

"మంద ఇక్కడే ఉంటుంది" అంది రోసెండా.

తొమ్మిదేళ్ళు ఉన్నాడు వాడు. కొండ అవతలి నుంచి పెళ్ళాన్ని తెచ్చుకున్నాడు. పిల్లల్ని కన్నాడు. వాళ్ళు గుట్టమీద కూర్చుని మా గొర్రెల్ని, ఇంట్లో కుర్చీల్ని చూసినట్టు చూసేవాళ్ళు. ప్రతి కంచె కర్ర మీదా కాలెత్తి తమ హద్దు రాసుకున్నారు. పరాయి కొయోటీ ఒక్కటి లోపలికి రాలేదు. కాబట్టి లోయను కాపాడిన మాట అబద్ధం కాదు, కాపాడినవాడు నేను కాదంతే.

ఇందులో నేను కల్పించింది ఒక్కటుంది, చెప్పేస్తాను. ఆ సాయంత్రం మబ్బు అరవలేదు. కత్తిరింపు అలసటతో నా కాళ్ళ దగ్గర పడుకుని నిద్రపోతోంది. గొర్రెల మధ్య మోకాళ్ళ మీద కూలబడి, రెండుసార్లూ అరిచింది నేనే. రోసెండా వెనక్కి తిరిగి చూడలేదు. ఆపుకున్న నవ్వుకి ఆమె భుజాలు మాత్రం చాలాసేపు కదిలాయి.