దేవుడి గూట్లో ఏనుగు పుస్తకం

మా అనూహ్యకు నాలుగేళ్లు. ఎదురుగా ఫోనులో బొమ్మలు ఆడుతుంటేనే అన్నానికి నోరు తెరుస్తుంది. కళ్ల డాక్టరు దాన్ని చూసి, "ఫోను మాన్పించకపోతే ఈ వయసుకే కళ్లద్దాలమ్మా" అన్నాడు. పిల్ల తుమ్మితేనే వణికిపోయేదాన్ని నేను. కళ్లద్దాలంటే ఇక చెప్పాలా?

ఫోను బదులు బొమ్మల పుస్తకం చూపిద్దామని మర్నాడే తిరువూరు లైబ్రరీకి పరుగెత్తాను. తొమ్మిదో తరగతిలో బడి మానేశాక మళ్లీ చదువుల గడప తొక్కడం అదే. భక్తిగా చెప్పులు బయట విడిచి వెళ్లాను. లోపల అందరి కాళ్లకూ బూట్లే! హాలు నిండా కంప్యూటర్లు.

"పిల్లల కథలు ట్యాబులో కూడా ఉన్నాయమ్మా. అదే చదివి వినిపిస్తుంది" అంది లైబ్రేరియన్ గ్లోరి మేడం.

"అయ్యో, దాన్నుంచి పారిపోయే కదండీ ఇటొచ్చింది!"

ఆవిడ నవ్వి, వెనక గదిలోంచి కొత్త బొమ్మల పుస్తకం తెచ్చి ఇచ్చింది. బస్సెక్కిన ఏనుగు కథ.

కొత్త పుస్తకం ఇంటికొస్తే పసుపు పెట్టాల్సిందే కదా. నాలుగు మూలలా రాసి, కుంకుమ బొట్టు పెట్టాను. పిల్ల ముట్టుకోబోతే "తడి చెయ్యే!" అన్నాను. కాలు తగిలితే "కళ్లకద్దుకో!" పేజీ తిప్పబోతే "చినిగిపోద్దే!" చివరికి నా భయానికి ఆ పుస్తకాన్ని దేవుడి గూట్లో సరస్వతీదేవి పటం పక్కన పెట్టేశాను. పిల్ల కంచం ముందు మళ్లీ ఫోనే.

మా అత్తగారు సీతామహాలక్ష్మి గారు దీపం వెలిగిస్తూ, "ఏమ్మా భానూ, ఈ ఏనుక్కి కూడా బెల్లం ముక్క నైవేద్యం పెట్టనా?" అని అడిగారు.

గడువు రాగానే పుస్తకం తీసుకెళ్లి, ఫస్టు ర్యాంకు వచ్చినదానిలా బల్ల మీద పెట్టాను.

"చూడండి మేడం, ఒక్క మడత పడలేదు."

"బానే ఉంది. పాపకి నచ్చిందా?"

"అది ఇంకా చూడలేదండీ. పాడవుద్దని పైన పెట్టా."

"పాడవ్వాలమ్మా! ఇంత శుభ్రంగా ఉంచడానికి మా బీరువా లేదా? మళ్లీ తీసుకెళ్లి అన్నం దగ్గర పెట్టండి."

"అన్నం దగ్గరా? ఎంగిలవుద్దండీ!"

"అవనీండి. చినిగితే నేను అతికిస్తా."

ఆ సాయంత్రం గుండె దిటవు చేసుకుని, కంచం పక్కన పుస్తకం తెరిచాను. అసలు గండం అప్పుడు తెలిసింది. చదవాల్సింది నేను! ఒత్తు కనబడితే చాలు, నా బండి ఆగిపోతుంది.

"ఏనుగు బస్సెక్కగానే జనమంతా ఉక్కి... ఉక్కిరి... ఉక్కిరిబి..."

ఏమవుతుందోనని పిల్ల నోరు తెరుచుకుని నా మొహంలోకే చూస్తోంది. తెరిచిన నోరు కనబడితే తల్లి చెయ్యి ఊరుకుంటుందా? ముద్ద పెట్టేశాను. మింగేసింది!

"తర్వాత?"

"కం... కండ... కండక్టరు..."

ఇంకో ముద్ద. నేనే గనక గడగడా చదవగలిగుంటే కథ రెండు ముద్దల్లో అయిపోయేది. బడి మానేసినందుకు మొదటిసారి నన్ను నేను మెచ్చుకున్నాను.

ఇంతలో పిల్ల ఆత్రంగా పేజీ లాగింది. పప్పుచారు ఒలికి ఏనుగు వీపంతా తడిసింది. నేను "అయ్యయ్యో" అంటూ కొంగుతో తుడవబోయాను.

వెనకనుంచి అత్తగారు కసురుకున్నారు. ఎప్పుడొచ్చారో, పీట వేసుకుని మరీ కూర్చున్నారు.

"తుడుద్దువుగానిలే! ముందు ఆ ఏనుక్కి సీటు దొరికిందో లేదో చదువు."