ఏరి ఇచ్చిన వాగ్దానం

నతానియేలు మాస్టారు వాదనలో ఓడిపోగా చూసినవాళ్లు ఇబ్రహీంపట్నంలో ఎవరూ లేరు. హైస్కూల్లో తెలుగు చెప్పి చెప్పి రిటైరైన మనిషి, మాట మీద మాట పడనివ్వరు. రింగ్ సెంటర్ దగ్గర టీకొట్టు బెంచీ మీద సాయంత్రం ఆయనా, మామిడికాయల వ్యాపారం చేసే రామకోటేశ్వరరావు గారూ చేరారంటే కొట్టు నడిపే చక్రి ఫోన్లో పాటలు కట్టేసి చెవులు రిక్కించేవాడు. ఒకాయన చర్చిలో సంఘపెద్ద, ఇంకొకాయన ఏటా మాల వేసుకునే మనిషి. వాళ్లు తేల్చాల్సినవి చిన్నాచితకా సంగతులు కావు మరి. లోకంలో బాధ ఎందుకుంది, అది మంచివాడినే వెతుక్కుంటూ ఎందుకొస్తుంది, విలువ మాటలో ఉందా అనేవాడి మనసులో ఉందా! ఇన్నేళ్లలో ఒక్కటీ తేలలేదు. తేలిపోతే మర్నాడు ఏం మాట్లాడుకోవాలన్న బెంగ ఇద్దరికీ ఉండి ఉంటుంది.

ఆ జూన్ సాయంత్రం మాత్రం మాస్టారి టీ మీద మీగడ కట్టింది. ఆయన గ్లాసు ముట్టుకోలేదు.

రామకోటేశ్వరరావు గారు మైలవరం దగ్గర వాళ్ల తోట సంగతి చెబుతున్నారు. "మంచంలో ఉండి మా అమ్మ ఒకటే అడిగేదండీ, 'ఒరేయ్, పూత ఎట్టా ఉంది?' అని. ఆ ఏడు మంచుకి పూతంతా మాడిపోయింది. చెట్టుకి నాలుగు కాయలు కూడా నిలబళ్లేదు. 'విరగబూసిందమ్మా' అన్నాను. నవ్వుకుంటా పోయింది. ఇప్పుడు చెప్పండి, నేను అబద్ధమాడినట్టా?"

మామూలుగా అయితే మాస్టారు ఈపాటికి ఆయన్ని ఉతికి ఆరేసేవారే. ఇవాళ "ఊఁ" అని ఊరుకున్నారు.

"ఊఁ ఏంటండీ? అబద్ధానికి పట్టుపంచె కట్టినంత మాత్రాన నిజమవుద్దా అని మీద పడాలిగా మీరు?"

పడే మనిషి పొద్దున్నే పడిపోయాడని ఆయనకేం తెలుసు!

చర్చికి వెళ్లే ఇళ్లలో కొత్త సంవత్సరమంటే కేకు కన్నా ముందు వాగ్దానం. డిసెంబరు ముప్ఫై ఒకటి ఆరాధన అయ్యాక బుట్టలో మడిచిన కార్డులు పెడితే, తలా ఒకటి కళ్లు మూసుకుని తీసుకుంటారు. అందులో ఏ వాక్యముంటే అది ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషితో స్వయంగా అన్న మాట. ఫ్రేము కట్టించుకునేవాళ్లున్నారు, ఆటో వెనక రాయించుకునేవాళ్లూ ఉన్నారు. ఆ బుట్ట సర్దే పని మాస్టారిది. శ్రమలూ కన్నీళ్లూ ఉన్న కార్డుల్ని ఆయన ముందే తీసేసేవారు, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. పండగ పూట ఎవరి మనసూ చివుక్కుమనకూడదని ఆయన ఉద్దేశం. దేవుడి మాటల్లో రాళ్లేవో, బియ్యమేవో నిర్ణయించే పని తనకెవరు అప్పగించారని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

కిందటి డిసెంబర్లో అమలమ్మ రొమ్ములో గడ్డ బయటపడింది. మాస్టారు పనిచేసిన స్కూల్లోనే మధ్యాహ్న భోజనం వండిన మనిషి. మొగుడు లేడు, ఉన్నది జెస్సికా అని ఒక్కతే కూతురు. వెంటనే ఆపరేషన్ చేయించుకోవాలన్నారు విజయవాడలో డాక్టరు. ఆరోగ్యశ్రీలో అయిపోతుంది, డబ్బు బెంగ లేదు. ఉన్నదల్లా భయం. ముప్ఫై ఒకటి రాత్రి ఆరాధనలో ఆమె వెనక కుర్చీలో ముడుచుకుని కూర్చుంటే మాస్టారు చూడలేకపోయారు. బతుకుతావని అభయమిచ్చే వాక్యమున్న కార్డొకటి ఏరి రెండు వేళ్ల మధ్య పట్టుకుని, బుట్ట ఆమె దగ్గరికే తీసుకెళ్లారు. కళ్లు మూసుకున్న ఆమె చేతికి అదే తగిలేలా వంచారు. అంతే. కాస్త ధైర్యం వస్తే ఆపరేషన్ గదిలోకి నవ్వుతూ వెళుతుందనుకున్నారు.

ధైర్యం వచ్చింది. ఎంత వచ్చిందంటే, ఆమె ఆపరేషనే మానేసింది. సాక్షాత్తూ దేవుడే బతుకుతావన్నాక ఇంక కత్తెందుకంది. ఫిబ్రవరిలో చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది మాస్టారే. నోరు ఊరుకుంటే నిజం ఎక్కడ జారిపోతుందోనని అన్న ఆమెన్ అది. ఈ ఆదివారం చెబుదాం, పై ఆదివారం చెబుదాం అనుకుంటూనే ఎండాకాలం గడిచిపోయింది.

ఇవాళ పొద్దున జెస్సికా వచ్చి గుమ్మంలో నిలబడి ఏడ్చింది. "గడ్డ చంకలోకి పాకిందంట మాస్టారూ. ఇప్పటికైతే ఆపరేషన్ చేస్తాం, ఇంకా జాగు చేస్తే మా చేతిలో ఉండదన్నారు. నేను చెబితే నీకు విశ్వాసం లేదే అని తిడతంది. మీ మాటంటే దేవుడి మాటే మా అమ్మకి. ఒక్కసారి వచ్చి చెప్పండి."

వస్తానమ్మా అని పంపించారు గానీ పొద్దుట్నుంచీ కాళ్లు అటు సాగలేదు. ఉత్తినే వెళ్లమంటే ఆమె వెళ్లదు, గోడ మీద కార్డుంది. కార్డు సంగతి చెబితే ఆమె ఏమైపోతుందో! సంఘం ఏమంటుంది? తన పెద్దరికం ఏం కాను? ఈ మూడింట్లో తను ఎక్కువ భయపడుతున్నది చివరిదానికేనని మాస్టారికి తెలుసు. తెలిసే తన మీద తనకే రోత పుట్టింది.

"కోటేశ్వరరావు గారూ, మీ అమ్మగారు పోయే మనిషి. అట్లాంటి మాటే బతికే వీలున్న మనిషికి చెబితే?"

"అర్థం కాలేదండీ."

"అది నమ్ముకుని వైద్యం మానేస్తే?"

రామకోటేశ్వరరావు గారు గ్లాసు పక్కన పెట్టారు. ఆయన ముఖంలో వాదన సరదా పోయింది. "పూత బాగుందని అమ్మతో అన్నాను గానీ, తోట కొనడానికొచ్చినాయనతో అంటే మోసమేగా? బతికే మనిషికి చెప్పేది ఓదార్పు కాదు మాస్టారూ. అది దారికి అడ్డం పడుకోవడం. ఎవరండీ చెప్పింది?"

"నేనే."

చెప్పుకొచ్చారు. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు. చివరికి చిన్నపిల్లాడిలా అడిగారు: "ఆమె కర్మ అంటారా? అనండి. ఇవాళ కాదనను."

ఇన్నేళ్లుగా ఆ మాట ఒప్పుకోమని ప్రాణం తీసిన మనిషి, తీరా ఒప్పుకునే రోజొస్తే తల అడ్డంగా ఊపారు. "అనను. మనం చేసింది తీసుకెళ్లి ఎదుటివాళ్ల నెత్తిన పెట్టడానికి కాదండీ ఆ మాట ఉంది. లేవండి, బండెక్కండి."

అమలమ్మ ఇంటి సందు మొదట్లో మాస్టారిని దింపి ఆయన అక్కడే ఆగిపోయారు.

అమలమ్మ నేల మీద కూర్చుని ఎడమ చేత్తో గోంగూర ఆకు గిల్లుతోంది. కుడి చెయ్యి పైకి లేవడం లేదని చూడగానే తెలుస్తోంది. టీవీ పైన గోడకి ఫ్రేములో కార్డు. "రండి మాస్టారూ! జెస్సీ, మాస్టారికి కుర్చీ వెయ్యవే" అని నవ్వింది. ఆ నవ్వు ఆయనకి చెంపదెబ్బలా తగిలింది.

మాస్టారు కూర్చోలేదు. "అమలమ్మా, ఆ కార్డు నీకు రాలేదమ్మా. నేనే ఇచ్చాను."

"మీరేగా ఇచ్చారు. మీ చేతుల మీదుగా ఇచ్చాడు దేవుడు."

ఎంత సుళువైన దారి! అవునమ్మా అంటే చాలు. ఆయనకి ఆ ఆశ పుట్టింది కూడా. ద్వారబంధం పట్టుకుని నిలదొక్కుకున్నారు.

"కాదు. నీకు భయంగా ఉందని నేనే ఏరి, వేళ్లతో పట్టుకుని, నీ చేతికి తగిలించాను. దేవుణ్ణడిగి చెయ్యలేదు. ఆయన పేరు చెప్పి నా మాట నీకిచ్చాను. అది పట్టుకుని నువ్వు ఆస్పత్రి మానేశావు. అంతా తెలిసీ నోరు మూసుకున్నాను."

గోంగూర మీద చెయ్యి ఆగిపోయింది. కుర్చీ పట్టుకున్న జెస్సికా అట్టాగే నిలబడిపోయింది. తిడితే బాగుండునని మాస్టారు ఎదురుచూశారు. అమలమ్మ తిట్టలేదు.

"మరి నాది ఏదండీ?"

"ఏంటమ్మా?"

"మీరు బుట్ట వంచకపోతే నా చేతికి వచ్చేది. అందులో ఏముంది?"

"తెలీదమ్మా. నువ్వు తియ్యనే లేదుగా."

ఆమె గోడ మీది కార్డుకేసి చూసింది. "అయితే ఈ ఏడు దేవుడు నాతో ఏమీ అనలేదన్నమాట. నొప్పి పుట్టినప్పుడల్లా ఆ మాటే తలుచుకుని పడుకున్నాను మాస్టారూ. ఆయన పక్కనే ఉన్నాడనుకున్నాను. ఎవరూ లేరు. మీరొక్కరే ఉన్నారు."

ఎన్ని తరగతులకి ఎన్ని పర్యాయపదాలు చెప్పిన మనిషి! 'క్షమించు' అన్న మాట గొంతుదాకా వచ్చింది గానీ, ఆ గదిలో అది మరీ చిన్నదిగా, సిగ్గులేనిదిగా తోచి మింగేశారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తను ఏడవడం కూడా ఆమె దగ్గర ఏదో అడుక్కోవడంలా ఉందని పంచె చెంగుతో గబగబా తుడిచేసుకున్నారు.

అమలమ్మ ఎడమ చెయ్యి నేలకి ఆనించి మెల్లగా లేచింది. కూతురు సాయం రాబోతే వద్దంది. "జెస్సీ, స్కానింగ్ కాయితాలు సంచిలో పెట్టు. డాక్టరుగారు ఎప్పటిదాకా ఉంటారు?"

"ఏడింటిదాకా ఉంటారమ్మా."

"అయితే ఇప్పుడే పోదాం పద."

మాస్టారు ద్వారబంధం వదిలి ముందుకొచ్చారు. ఇన్నేళ్ల అలవాటు ఊరుకుంటుందా? ఎవరు ఆస్పత్రికి బయల్దేరినా, ఎవరు ఊరికి బయల్దేరినా చేసే పనే చేశారు. కళ్లు మూసుకుని, ఆమె తల మీదికి చెయ్యెత్తి, "ప్రేమగల తండ్రీ" అని మొదలుపెట్టారు.

"వద్దు మాస్టారూ" అంది అమలమ్మ, తల పక్కకి తీసుకుని. "ప్రార్థన వద్దు. ఆటో పిలవండి."

మాస్టారు చెయ్యి దించుకున్నారు. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తారు.