నాలుగో లైను తర్వాత

పిఠాపురం మెయిన్ రోడ్డులో బట్టల కొట్టున్న కుక్కుటేశ్వరరావు యాభై మూడో ఏట పియానో కొనుక్కున్నాడు. పియానో పాఠాల మొదటి పుస్తకం మూడు నెలల్లో అవలీలగా అయిపోయింది. దాంతో తనలో ఏదో ఉందని ఆయనకి గట్టి నమ్మకం కలిగింది.

రెండో పుస్తకంలో మొదటి పాటకే కుడిచెయ్యి ఒకటి వాయిస్తుంటే ఎడమచెయ్యి ఇంకోటి వాయించాలి. ఇంటికొచ్చి నేర్పే అమ్మాయి పేరు దీవెన, చర్చిలో వాయిస్తుంది. "వారం రోజులు ఎడమచెయ్యి ఒక్కటే, బాబాయిగారూ. అదీ నెమ్మదిగా," అంది.

ఆ అమ్మాయి గుమ్మం దాటగానే ఆయన రెండు చేతులతో, పూర్తి వేగంతో మొదలెట్టాడు. మూడు లైన్లు బాగానే పరుగెత్తాయి. నాలుగో లైనులో ఎడమచెయ్యి కుడిచేతి వెంట పోయింది. మళ్లీ మొదట్నించి. మళ్లీ అక్కడే. రోజూ కొట్టుకి వెళ్లేముందు గంటసేపు, ఇలా నెల రోజులు.

"ఎవర్నండీ తిడుతున్నారు?" అనేది వంటింట్లోంచి భార్య అన్నపూర్ణమ్మ.

"నా ఎడమచేతిని!"

ఒకరోజు ఎదురింటి హనుమంతరాజు గారు వచ్చారు. గోల భరించలేక వచ్చారేమోనని కుక్కుటేశ్వరరావు ముందే క్షమాపణ చెప్పబోయాడు.

"అబ్బే, అది కాదండి. ఆ తర్వాత ఏమవుతుందండీ? రోజూ అక్కడిదాకా వచ్చి ఆగిపోతున్నారు. తుమ్ము వచ్చినట్టే వచ్చి పోయినట్టుందని మా సుభద్రమ్మ బాధపడుతోంది."

"నిజానికి నాకూ తెలీదండి," అన్నాడు కుక్కుటేశ్వరరావు. అన్నాక సిగ్గేసింది.

మర్నాడు దీవెనకి అంతా చెప్పేశాడు. ఆమె నవ్వాపుకుని మొదటి మూడు లైన్ల మీద కాగితం అంటించింది. "ఇవి మీకు వచ్చండి. రేపట్నించి ఇక్కడే మొదలు."

ఎడమచెయ్యి ఒక్కటే, రోజుకి నాలుగు స్వరాలు. వింటే కుళాయి కారుతున్నట్టుండేది. రెండుసార్లు మూత దభాలున మూసి లేచిపోయాడు. కాఫీ తాగి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. పదిహేనో రోజున రెండు చేతులూ కలిపి చూస్తే ఎడమచెయ్యి తన దారిన తను వెళ్లింది. దాన్నే ఆశ్చర్యంగా చూస్తూ ఆయన కుడిచేత్తో వాయించడం మర్చిపోయాడు.

ఇంకో నెలకి రాజుగారి దంపతుల్ని పిలిచి కూర్చోబెట్టాడు. నాలుగో లైను దాటాడు. పేజీ చివరిదాకా ఆగకుండా వాయించి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

సుభద్రమ్మ గారు కాసేపు ఎదురుచూసి, "అంతేనాండీ? ఇంకా ఏదో జరుగుతుందనుకున్నాను," అన్నారు.

కుక్కుటేశ్వరరావుకి కోపం రాలేదు. "రెండో పేజీలో జరుగుతుందేమోనండి. అక్కడికింకా వెళ్లలేదు."

"ఎప్పటికి వెళ్తారండీ?"

"కార్తీకమాసానికి," అన్నాడు ధీమాగా. ఓసారి పేజీ తిప్పి చూసి, "పై ఏడు కార్తీకమండి," అని సవరించాడు.